ఇంటికొచ్చి పిలిచిన పని

బుగ్గమ్మను నేను నోటికొచ్చినట్టు తిట్టిన రోజు నుంచి మొదలుపెడితే ఈ కథ త్వరగా ముగుస్తుంది. కానీ అలా చేస్తే నా తప్పు చిన్నదిగా కనపడుతుంది. అందుకని మొదటి నుంచీ చెబుతాను.

నా పేరు స్వరూప. చిక్కడపల్లిలో లైబ్రరీ నుంచి అశోక్‌నగర్ వైపు దిగే గల్లీల్లో ఒకదాంట్లో, మా ఇంటి ముందు గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతాను. పొద్దున ఆరింటికి మొదలై పదకొండు మిషన్లు టకటకలాడుతూనే ఉంటాయి. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు చాలామంది చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి గవర్నమెంటు పరీక్షలకు చదివేవాళ్లు. నాకు ముక్కు మీద కోపమని వాళ్లంతా చాటుగా అనుకుంటారు. తప్పులు కొట్టిన కాగితాన్ని చింపి చేతిలో పెడతాను కాబట్టి అనుకోవడంలో తప్పులేదు. ఇంట్లో టైపు మిషన్లున్న పాపానికి మా గల్లీ సంఘం వాళ్లు నన్ను కార్యదర్శిని చేశారు. అర్జీలు కొట్టడానికి ఇంకెవరినీ వెతుక్కోనక్కర్లేదు కదా!

ఆ అర్జీలన్నీ ఒకే జాగా గురించి. మా గల్లీ మలుపులో మూడు మూలల ఖాళీ స్థలం ఒకటుంది. కాగితాల మీద అది పార్కు. ఆ రోజుల్లో మా చుట్టూ పాత పెంకుటిళ్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. కూలిన ఇళ్ల మల్బా, అంటే విరిగిన ఇటుకలు, సున్నం పెళ్లలు, పునాది రాళ్లు, అంతా ట్రాక్టర్లలో తెచ్చి అక్కడ కుమ్మరించి పోయేవాళ్లు. దాని మీద మా ఇళ్ల చెత్త పడేది. చెత్త కోసం పందులు వచ్చేవి. వానాకాలంలో అక్కడ నిలిచిన నీళ్ల పుణ్యమా అని ఇంటికొకరు జ్వరంతో మంచం ఎక్కేవాళ్లు. నా అర్జీలు నలభై దాటాక మా సంఘం అధ్యక్షులు విశ్వేశ్వరరావు గారు, "ఇక రాసింది చాలు స్వరూప గారూ, మనమే పార పట్టుకుందాం" అన్నారు. ఆయన ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. శ్రమదానం అన్న మాట ఆ సంవత్సరం అందరి నోటా నలుగుతోంది కూడా. అది తొంభై ఏడు జనవరి.

మొదటి ఆదివారం పద్నాలుగు మందిమి పోగయ్యాం. కొత్త పారలు, కొత్త తట్టలు. తొమ్మిదింటికి మొదలుపెట్టి పదకొండు కల్లా చేతులు బొబ్బలెక్కి గట్టున కూలబడ్డాం. చూస్తే, తూర్పు మూలనున్న చెత్త పడమటి మూలకు చేరింది. అంతకు మించి జరిగిందేమీ లేదు.

అప్పుడు గల్లీ అంచున నవ్వు వినిపించింది. నలభై అయిదేళ్లుండే ఒకామె, నెత్తి మీద ఖాళీ తట్ట, ముంజేతుల నిండా పచ్చబొట్లు, బుగ్గన చెయ్యి పెట్టుకుని మమ్మల్ని చూస్తోంది. ఆమెను రోజూ చూస్తూనే ఉంటాను. పొద్దున్నే మా కిటికీ ముందు నుంచి నారాయణగూడ చౌరస్తాలో కూలీల అడ్డాకు నడిచిపోతుంటుంది. ఆ రోజు పని దొరకలేదో ఏమో, తిరిగొస్తోంది.

"ఏంది నవ్వుతున్నవ్?" అన్నాను. అసలే బొబ్బల మంట మీదున్నాను.

"ఏం లేదక్క. మట్టిని ఎత్తుతలేరు మీరు. ఊరంత తిప్పి మల్ల ఇంటికి తోల్కొస్తున్నరు."

మా వాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు ఒళ్లు మండింది గానీ, ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. పేరడిగాను. బుగ్గమ్మ అంది. ఇల్లు ఎక్కడంటే అశోక్‌నగర్ దిగువన నాలా ఒడ్డు బస్తీ అంది.

తరువాతి శనివారం సాయంత్రం నేను ఆ బస్తీకి వెళ్లాను. నిజానికి మనిషి కావాలంటే పొద్దున అడ్డాకు పోయి పిలవాలి. అందరూ అదే చేస్తారు. కానీ పొద్దున నాకు క్లాసులుంటాయి. అందుకని సాయంత్రం తీరిగ్గా ఇంటికే వెళ్లాను. ఈ చిన్న విషయం గుర్తుంచుకోండి, నేను మాత్రం మరిచిపోయాను.

నాలాకు, అంటే పెద్ద మురుగుకాలవకు, గజం దూరంలో వరసగా ఇరవై రేకుల ఇళ్లు. బుగ్గమ్మ ఇల్లు చివరిది, అన్నిటికంటే పల్లంలో ఉంది. గుమ్మంలో నన్ను చూసి ఆమె గాభరా పడింది. పీట తుడిచి వేసింది. మంచినీళ్లిచ్చింది. కోడలు అంబికను కేకేసి కుంకుమ తెప్పించి నాకు బొట్టు పెట్టింది. ఆడమనిషి గడప తొక్కితే బొట్టు పెట్టడం మామూలే కదా అనుకున్నాను.

"పిలువొచ్చినవా అక్క?" అని అడిగింది.

"అవ్, పిలువొచ్చిన. రేపు మా పనికి రావాలె."

"మా ఇంటికొచ్చి పిలుస్తున్నవ్?" అని మళ్లీ అడిగింది.

"ఇంకెట్ల పిలవాలె మరి? ఎంతమంది వస్తే అంత మంచిది."

ఆమె అంబిక వైపు చూసింది. ఇద్దరి మొహాలూ వెలిగాయి. కూలి పని దొరికిందని సంతోషపడుతోందని నేను అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

మర్నాడు పొద్దున బుగ్గమ్మ బస్తీ నుంచి ఇంకో అయిదుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. మధ్యాహ్నానికి వాళ్లు ఆరుగురు చేసిన పని మా పద్నాలుగు మందికి నెలైనా అయ్యేది కాదు. పని అయ్యాక కూలి డబ్బులు చేతికివ్వబోతే బుగ్గమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కూలికైతే అడ్డా మీద పిలుద్దురు. ఇంటికొచ్చి పిలిచినంక కూలేందక్క?"

నా కళ్లు చెమర్చాయి. ఈ మాట గల్లీలో ఇంటింటికీ మోశాను. రెక్కాడితే గానీ డొక్కాడని మనిషి, పైసా ముట్టకుండా మన పార్కు కోసం ఆదివారం ఆదివారం వస్తానంటోంది, ఎంత గొప్ప మనసో చూడండి అన్నాను. విశ్వేశ్వరరావు గారైతే "ఇది కదా అసలైన సేవ" అని రెండుసార్లన్నారు.

అలా మూడు నెలలు గడిచాయి. బుగ్గమ్మ పని చెయ్యడం నేను దగ్గరుండి చూశాను. చూడడం నా అదృష్టం. ఆమె ముందు మల్బాను తవ్వనివ్వలేదు, ఏరమంది. ఇటుక ముక్కలు ఒక దిక్కు, సున్నం పెళ్లలు ఒక దిక్కు, చెత్త ఒక దిక్కు. "అన్ని కలిసుంటే గలీజు. ఏరి పెడితె సామాను" అనేది. ఇటుక ముక్కలతో నడిచే దారి వేయించింది. సున్నం పొడిని దారి కింద పరిపించింది. పెద్ద పునాది రాళ్లను మాత్రం ఒక్కొక్కటే చేత్తో తట్టి చూసి, మంచివాటిని ప్రహరీ పక్కన వరసగా పేర్పించింది. "ఇవి ఇట్లనే ఉండనియ్యుండ్రి" అంది. ఎందుకని మేమెవరం అడగలేదు. రాళ్ల గురించి అడిగేదేముంటుంది?

నేల వాలు దగ్గర విశ్వేశ్వరరావు గారితో ఆమెకు పేచీ వచ్చింది. ఆయన నీళ్ల గొట్టం తెచ్చి రెండు కొసలూ పట్టించి, మేకులు కొట్టి, దారాలు కట్టి, వాలు ఉత్తరానికి ఉందని తేల్చారు. బుగ్గమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి మధ్యలో పోసింది. నీళ్లు కాసేపు తటపటాయించి, నిదానంగా తూర్పున అపార్ట్‌మెంటు గోడ వైపు పాకాయి.

"సారూ, దారం మాట దారం చెప్పింది. నీళ్ల మాట నీళ్లు చెప్తున్నయి. వానొస్తే ఎవరి మాట విందాం?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తరువాత పెద్దగా నవ్వారు. "ముప్ఫై అయిదేళ్లు కాలవలు తవ్వించానమ్మా, చెంబు సంగతి ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన దారాలు ఇంట్లోనే ఉండిపోయాయి.

టీ తాగేటప్పుడు బుగ్గమ్మ నా పక్కన కూర్చునేది. నన్ను 'మిషనక్క' అని పిలిచేది. పాలమూరు జిల్లాలో రెండేళ్లు వానల్లేక, మొగుడు మాసయ్యతో, చంకలో కొడుకుతో కాచిగూడ స్టేషన్‌లో దిగిందట. అప్పటి నుంచి మోసింది మట్టే. మాసయ్య పోయి ఏడేళ్లు. కొడుకు చెన్నయ్య బొంబాయిలో స్లాబు పనికి పోయాడు. ఒకసారి మా పార్కు పక్కనున్న అపార్ట్‌మెంటు చూపించి, "ఆ నాలుగో అంతస్తుకు తట్టలు మోసింది నేనె. ఇప్పుడు గేటు కాడ వాచ్‌మెన్ ఎవరు కావాలె అంటడు" అని నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది నాకు. నాకైతే గేటు ఊడబీకాలనిపించింది.

కోడలు అంబికకు జూన్‌లో నెలలు నిండుతాయని కూడా అప్పుడే చెప్పింది. "పోయిన ఏడు నాలా పొంగి ఇంట్ల మోకాలి మట్టం నీళ్లొచ్చినయక్క. రెండు దినాలు మంచం మీదనే కూసున్నం. ఈసారి పసిపాప ఉంటది. మిరుగం లోపట కట్ట పడాలె" అంది. మిరుగం అంటే మృగశిర కార్తె, జూన్ మొదట్లో వచ్చే తొలి వానలు. అయ్యో పాపం అన్నాను. బస్తీ వాళ్లంతా కలిసి కట్టుకుంటారు కాబోలనుకున్నాను. బస్తీలో సగం మందికి ఆదివారం కూడా సైటు పనే ఉంటుందని, ఉన్న చేతులు ఆ పనికి చాలవని నాకు తోచలేదు.

మే రెండో ఆదివారం పార్కు తెరిచాం. షామియానా, మైకు, గులాబీ మొక్కలు. ప్రహరీ పక్కన బుగ్గమ్మ పేర్పించిన రాళ్లు విశ్వేశ్వరరావు గారి కంట్లో పడ్డాయి. అందంగా ఉంటుందని వాటన్నిటికీ ఒకటి విడిచి ఒకటి జాజు, సున్నం పూయించి, పూలమళ్ల చుట్టూ పాతించారు. ఎర్ర రాయి, తెల్ల రాయి. నేను కూడా మెచ్చుకున్నాను. బుగ్గమ్మ వచ్చి ఆ రాళ్లను చూసి, "రంగెందుకేసిండ్రక్క?" అంది. "మంచిగ లేదా?" అన్నాను. ఒక రాయిని చేత్తో తట్టి చూసి పక్కకు తప్పుకుంది.

ఆమెకు శాలువా కప్పాం. నేను రాత్రంతా కూర్చుని, ఒక్క తప్పు లేకుండా, రెండు రంగుల రిబ్బనుతో టైపు చేసిన ప్రశంసాపత్రం చదివి చేతికిచ్చాను. చప్పట్ల మధ్య ఆమె నా చెవి దగ్గరకు వంగి, "ఇగ మిరుగం లోపట మాది గూడ అయిపోతదక్క" అంది. మైకులో నన్ను పిలుస్తున్నారు. నేను తల ఊపి వెళ్లిపోయాను. దేనికి ఊపానో నాకు తెలియదు. ఆమెకు మాత్రం అది మాట ఇచ్చినట్టే.

ఆ తరువాతి ఆదివారం బుగ్గమ్మ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మే ఎండలకు గులాబీలు మాడిపోతున్నాయి. నీళ్లు పోసేవాళ్లు లేరు. మా వాళ్లంతా పార్కు అయిపోయిందన్నట్టు ఇళ్లలో పడుకున్నారు. ఆ కోపమంతా వాళ్ల మీద చూపించాల్సింది. నేను బుగ్గమ్మ మీద పెట్టుకున్నాను. మూడో ఆదివారం పొద్దున చెప్పులేసుకుని బస్తీకి బయల్దేరాను.

బస్తీ చివర ఆమె ఇంటి ముందు మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గంజులో కూర ఉడుకుతోంది. పక్కన జొన్న రొట్టెల దొంతర మూరెడు ఎత్తున ఉంది. గోడకి పారలు, తట్టలు ఆనించి ఉన్నాయి. బుగ్గమ్మ కొంగు నడుముకు బిగించి గల్లీ మొగలోకి చూస్తూ నిలబడి ఉంది. నన్ను చూసి ఆమె మొహం విప్పారింది. అది కూడా నా కోపానికి కనపడలేదు.

"ఏంది బుగ్గమ్మ! శాలువ కప్పంగనె పెద్దమనిషివైనవా? చెట్లు ఎండిపోతున్నయి, మేం చచ్చినమో బతికినమో చూడనీకి గూడ రావా?"

బస్తీలో తలుపులు తెరుచుకున్నాయి. బుగ్గమ్మ నన్ను దాటి నా వెనక్కి చూసింది.

"నువ్వొక్కదానివే వచ్చినవా అక్క? తక్కినోళ్లు ఎనక వస్తున్నరా?"

"ఎవరు? ఎందుకు?"

పక్కింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన చెప్పాడు. పేరు మొగిలయ్య, బస్తీకి పెద్ద.

"ఎందుకేందమ్మ? మీరు ఇంటికొచ్చి పిలిస్తె మా ఆడోళ్లు మూడు నెలలు మీ తాన మట్టి మోసిండ్రు. ఇగ మీరొచ్చి మాకు కట్ట పోస్తరని ఈమె బస్తీకి మాటిచ్చింది. మూడు ఐతారాలాయె, ఇరవై అయిదు మందికి వండుతున్నది. పోరగాండ్లు తింటున్నరు. పట్నపోళ్లు రారు, నీకు పిచ్చి అని నేను చెప్తనే ఉన్న."

"నువ్వు ఊకో పెద్దయ్య" అంది బుగ్గమ్మ. "ఆమె తల ఊపింది. నేను చూసిన."

నాకు తల కొట్టేసినట్టయింది. జనగామ దగ్గర మా ఊళ్లో మా అమ్మ నాట్లకు పోయేది. అడ్డా నుంచి కాదు, ఎవరైనా గుమ్మంలోకి వచ్చి బొట్టు పెట్టించుకుని పిలిస్తే పోయేది. అలా పోయిన పనికి కూలి ఉండేది కాదు. మా పొలం నాటు రోజు వాళ్లంతా మా మళ్లల్లో దిగేవాళ్లు. ఆ రోజు అమ్మ ఇలాగే పెద్ద గంజు పొయ్యి మీదకు ఎక్కించేది. దాన్ని 'బదులు' అనేవాళ్లు. చిన్నప్పుడు నేను ఆ గంజు దగ్గర కూర్చుని తిన్నాను. అంతా తెలిసిన దాన్ని. పట్నంలో ఇరవై ఏళ్లు మిషన్లు కొట్టుకుంటూ ఎంత శుభ్రంగా మరిచిపోయానో! ఒక మనిషి సమానంగా చెయ్యి కలిపితే, నేను దాన్ని దానం అనుకుని శాలువా కప్పి చేతులు దులుపుకున్నాను.

తలుపు సందులోంచి నిండు కడుపుతో అంబిక చూస్తోంది. లోపల మేకుకు శాలువా ప్లాస్టిక్ కవరులో ఉన్నది ఉన్నట్టే వేలాడుతోంది. నేను ఆమెను క్షమించమని అడగాలి. "ఎన్నిరోజుల్ల మిరుగం?" అని మాత్రం అడిగాను.

"ఏడు దినాలక్క."

"రొట్టెలు పెట్టు" అన్నాను. అక్కడే కూర్చుని తిన్నాను. తింటూ ఏడ్చాను. ఆమె కూర కారమనుకుని మంచినీళ్లిచ్చింది, లేదా అలా అనుకున్నట్టు నటించింది.

ఆ సాయంత్రమే మా ఇన్‌స్టిట్యూట్‌లో సంఘాన్ని కూర్చోబెట్టాను. జరిగింది చెప్పాను. తరువాత ఒకాయన, "దీనికింత పరేషాన్ ఎందుకమ్మా? తలా కొంచెం వేసుకుని నలుగురు మేస్త్రీలను పెట్టి కట్టిద్దాం" అన్నాడు. చాలా తలలు ఊగాయి. నాలా ఒడ్డున మట్టి తొక్కే బాధ తప్పుతుందని అందరికీ ప్రాణం లేచొచ్చింది.

"డబ్బుతోని అయ్యేటిదైతే ఆమె మొదటి దినమే తీసుకుంటుండె" అన్నాను. గొంతు లేచింది, తగ్గించలేదు. "ఆమె మనింటికి మనిషై వచ్చింది. మనింట్ల నుంచి మనిషే పోవాలె. నేను పోతున్న. వచ్చేటోళ్లు రాండ్రి, రానోళ్లు రేపట్నుంచి ఆ పార్కుల నడవకుండ్రి."

వెనక బెంచీ మీద జైపాల్ లేచి నిలబడ్డాడు. గ్రూప్స్‌కు చదువుతూ నా దగ్గర హయ్యర్ నేర్చుకుంటున్న ఇరవై ఆరేళ్ల మనిషి, పాలమూరు వాడు.

"మేడం, మా దిక్కు గూడ గంతే. మీరు ఇంటికిపోయి పిలిచిండ్రంటె, మీకు ఎరుకే అనుకున్న నేను. హాస్టల్ల ఎనిమిది మందిమి ఉన్నం. వస్తం."

విశ్వేశ్వరరావు గారు అంతసేపూ నేల చూస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి లేచి బయటికి వెళ్లిపోయారు. నాకు ఆశ పోయింది. ఆయన రాకపోతే గల్లీలో పెద్దలెవరూ రారు. మీటింగు అయ్యాక మలుపు దాకా వెళ్లి చూస్తే, ఆయన పార్కులో ఉన్నారు. ధోవతి పైకి కట్టి, గడ్డపార పట్టుకుని, పూలమడి చుట్టూ పాతిన ఎర్ర తెల్ల రాళ్లను ఒక్కొక్కటే పెకలిస్తున్నారు.

"ఈ రాళ్లు వాళ్ల కట్ట కోసం ఏరుకుందండీ ఆవిడ" అన్నారు నా వైపు చూడకుండా. "ఎంత మంచి రాళ్లో! ఇంజినీర్ని, నాకు తెలియొద్దా? నేను రంగులేశాను."

మర్నాటి నుంచి రోజూ పొద్దున క్లాసుల ముందు, సాయంత్రం ఆఫీసుల తరువాత బస్తీకి పోయాం. నేను గల్లీలో ఇంటింటికీ వెళ్లి గుమ్మంలో నిలబడి పిలిచాను. ఈసారి తెలిసి పిలిచాను. మొదటి రోజు పదకొండు మంది. గురువారానికి ముప్ఫై. రాని వాళ్ల పేర్లు రాయను, వాళ్లకు తెలుసు. ఆదివారం రోజు గల్లీ నుంచి నాలా దాకా మనుషులు వరసగా నిలబడి రాళ్లను చేతుల మీదుగా అందించుకున్నాం. అశోక్‌నగర్ రోడ్డు మీద బస్సు ఆపి మరీ చూశాడు ఒక డ్రైవరు. రాళ్లు ఎక్కడ పెట్టాలో, ఎంత లోతు తవ్వాలో బుగ్గమ్మ చెప్పింది, విశ్వేశ్వరరావు గారు తట్ట మోశారు. నడుం పట్టుకుని ఆయన ఆగినప్పుడు, "సారూ, మట్టిని తిప్పుకుంట నిలవడకుండ్రి" అని కేకేసింది. మొగిలయ్య అరుగు మీంచి దిగి వచ్చి ఆయన చేతిలో తట్ట అందుకున్నాడు.

మధ్యాహ్నం గంజు దించారు. మా గల్లీ వాళ్లు కొందరు మంచినీళ్లకే వెనకాడుతూ నిలబడ్డారు. విశ్వేశ్వరరావు గారు చేతులు కడుక్కుని నేల మీద మఠం వేసుకుని, "ఏమ్మా, మీ ఊళ్లో పనికొచ్చిన వాళ్లకు ఆలస్యంగా పెడతారా?" అన్నారు. బుగ్గమ్మ ఆయన చేతిలో రొట్టె పెట్టింది. తరువాత అందరూ కూర్చున్నారు.

సాయంత్రానికి కట్ట నిలబడింది. నడుం ఎత్తున, ఇరవై ఇళ్ల పొడవున, ఎర్ర రాయి, తెల్ల రాయి. ఇంకా పది రాళ్లు మిగిలాయి. వాటిని బుగ్గమ్మ ఇంటి ముందు అరుగుగా పేరిస్తే అరగంట పని. జైపాల్ ఒక రాయి ఎత్తబోతే ఆమె అడ్డుపడింది.

"అవి ఉండనియ్యుండ్రి. వానకు గాదు, కూసోనీకి. తర్వాత చూద్దం."

"అరగంటమ్మా!" అన్నారు విశ్వేశ్వరరావు గారు. పని సగంలో వదలడం ఆయన ఒంటికి పడదు. ఆమె వినలేదు.

మిరుగం వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. మూడింటికి మొదలైన వాన ఆరింటికి గానీ ఆగలేదు. నేను మిషన్ల మీద కవర్లు కప్పి, క్లాసు ఆపేసి గొడుగుతో పరిగెత్తాను. నాలా ఎర్రగా, బుసలు కొడుతూ, ఎవరిదో మంచాన్ని కూడా మోసుకుంటూ పోతోంది. కట్ట వెంట బస్తీ అంతా నిలబడి ఉంది. విశ్వేశ్వరరావు గారు నాకంటే ముందే వచ్చి తడిసి ముద్దై ఉన్నారు. నీళ్లు మొదటి వరస రాళ్లు దాటాయి. రెండో వరస దాటాయి. మూడో వరస తెల్ల రాయి సగానికి వచ్చి ఆగాయి. మొగిలయ్య వేలితో ఆ రాయినే చూపిస్తూ ఉన్నాడు. కాసేపటికి రాయి మీద తడి గీత కింద ఇంకో వేలెడు తెలుపు బయటపడింది. నీళ్లు దిగుతున్నాయి.

బుగ్గమ్మ ఇంట్లో నేల పొడిగా ఉంది. నాలుగు రోజుల తరువాత అంబికకు ఆడపిల్ల పుట్టింది. శాలువా ప్లాస్టిక్ కవరులోంచి బయటికొచ్చి తొట్టెలకు పరుపైంది. నా ప్రశంసాపత్రం ఏమైందో నేను అడగలేదు.

ఆ తరువాతి ఆదివారం పొద్దున్నే నా కిటికీ బయట ఖంగుమని తట్ట చప్పుడైంది. బుగ్గమ్మ పార్కులో ఎండిన గులాబీల మొదళ్లు తవ్వుతోంది. చంటిపిల్ల ఉన్న ఇల్లు వదిలి వచ్చినందుకు కోప్పడ్డాను. "బదులు తీరిపోయింది గద బుగ్గమ్మ, ఇంకెందుకొచ్చినవ్?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది.

"తీరిపోతదా అక్క? తీరిపోతె మీరు మల్ల మా గల్లికి ఎందుకొస్తరు? గా పది రాళ్లు అందుకే ఉంచిన."

నేను జీవితంలో ఏ పనీ మిగల్చని దాన్ని. పేజీ అయిపోయేదాకా లేవనివ్వని దాన్ని. ఆ రోజు సాయంత్రం విశ్వేశ్వరరావు గారికి చెబితే, ఆయన "అయితే నిదానంగా పెడదాం" అన్నారు.

అప్పటి నుంచి ఉగాదికో, దసరాకో, పాప పుట్టినరోజుకో బుగ్గమ్మ వచ్చి మా గుమ్మంలో నిలబడి పిలుస్తుంది. నేను బొట్టు పెడతాను. మేం పది పదిహేను మందిమి పోయి, ఆ రోజుకు ఒక రాయి పెట్టి, రొట్టెలు తిని వస్తాం. జైపాల్‌కు ఉద్యోగం వచ్చి జిల్లాకు పోయినా ఒక రాయి పెట్టడానికి సెలవు పెట్టుకుని వచ్చాడు. పార్కులో గులాబీలు ఇప్పుడు నా నడుం దాటాయి.

ఇది రాస్తున్నది తొంభై తొమ్మిది ఆగస్టు. పాపకు రెండేళ్లు నిండాయి. అరుగు సగానికి వచ్చింది, పిల్ల దాని మీదకు పాకి ఎక్కుతోంది. పెట్టాల్సినవి ఇంకా నాలుగు రాళ్లు బుగ్గమ్మ ఇంటి గోడకి ఆనించి ఉన్నాయి.